తాళంచెవి మనమే ఇచ్చేస్తున్నామా?

ఊరెళ్లేటప్పుడు ఇంటికి తాళం వేసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి, ఆటో ఎక్కాక కూడా 'పెరటి తలుపు గడియ పెట్టానా?' అని సందేహపడే ఇల్లాళ్లు మనలో చాలామందే ఉంటారు. బీరువా తాళాలు ఎక్కడుంటాయో ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలీదు. బంగారం సంగతి పక్కింటికి వినిపించేలా మాట్లాడం. ఇంత జాగ్రత్త గల మనమే, ముక్కూమొహం తెలియని వాడెవడో ఫోన్ చేసి 'మేడమ్, మీ ఫోన్‌కి ఒక నంబరు వచ్చింది, కాస్త చూసి చెప్తారా?' అనగానే కళ్లజోడు వెతుక్కుని మరీ చదివి వినిపిస్తున్నాం!

ఆ నంబరే ఈ రోజుల్లో తాళంచెవి. బ్యాంకు ఖాతా, గ్యాసు బుకింగు, పిల్లల ఫీజులు, ఆధార్ కాపీలు, ఫొటోలు, డ్వాక్రా గ్రూపు లెక్కలు... అన్నీ ఆ చేతిలో పట్టే ఫోన్లోనే. అందుకే దొంగ కూడా దారి మార్చుకున్నాడు. గోడ దూకడు, తాళం పగలగొట్టడు. తలుపు తట్టి, మర్యాదగా 'తాళంచెవి ఇవ్వండమ్మా' అని అడుగుతాడు. మనం ఇస్తాం.

దీన్నే ఇంగ్లీషులో 'ఫిషింగ్' అంటున్నారు. చేపలు పట్టడం అనే మాటే. కాకపోతే స్పెల్లింగులో ఎఫ్ బదులు పీహెచ్ రాస్తారు. ఈ మాట 1990ల మధ్యలో అమెరికాలో పుట్టింది. అప్పట్లో అక్కడ 'అమెరికా ఆన్‌లైన్' అనే ఇంటర్నెట్ సంస్థకు లక్షల మంది ఖాతాదారులు ఉండేవారు. 'మేం కంపెనీ ఉద్యోగులం, మీ ఖాతా సరిచూడాలి, పాస్‌వర్డ్ చెప్పండి' అంటూ కొందరు వాళ్లకి మెసేజ్‌లు పంపేవారట. ముప్పయ్యేళ్లు గడిచాయి. ఎర మారింది గానీ గాలం అదే!

'ఈ కంప్యూటర్ గోలంతా మనకేం అర్థమవుతుందిలే' అని పేజీ తిప్పెయ్యకండి. వాడు ఆడుకునేది యంత్రంతో కాదు, మనిషి మనసుతో. మనసు సంగతి ఆడవాళ్లకు ఒకరు నేర్పాలా?

ఎరలు రకరకాలు

'ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ ఇంటికి కరెంటు కట్ చేస్తాం. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' 2022 ప్రాంతంలో దేశమంతా ఇలాంటి మెసేజ్‌లు వెల్లువెత్తాయి. బిల్లు కట్టేశామని మనకి తెలుసు. అయినా ఇంట్లో చంటిపిల్లో, మంచాన పడ్డ మామగారో ఉంటే 'ఎందుకొచ్చిన గొడవ, ఒకసారి కనుక్కుందాం' అనిపిస్తుంది. ఇది భయం ఎర. మీ ఖాతా ఆగిపోతుంది, కేవైసీ చేయించుకోలేదు, బండి మీద చలాన్ పడింది... అన్నీ ఈ కోవలోవే.

రెండోది ఆశ. 'మీ కార్డుకు రివార్డు పాయింట్లు ఉన్నాయి, ఇవాళ్టితో గడువు తీరిపోతుంది' అంటారు. అప్పనంగా వచ్చేదాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

మూడోది మొహమాటం. ఇది ముఖ్యంగా మనకోసమే తయారైంది. 'అక్కా, పొరపాటున మీ నంబరుకి ఐదు వేలు పంపించేశాను. మా అమ్మ ఆస్పత్రిలో ఉంది. దయచేసి తిరిగి వెయ్యండక్కా' అని ఏడుపు గొంతు. దాంతోపాటు ఖాతాలో డబ్బు పడినట్టు ఒక మెసేజ్. ఆ మెసేజ్ బ్యాంకు పంపింది కాదు, వాడే టైపు చేసి పంపింది! 'అయ్యో పాపం' అంటూ మన సొమ్ము తీసి వాడికి పంపిస్తాం. ఇలాంటప్పుడు మెసేజ్ చూసి కాదు, బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకోవాలి. నిజంగానే పొరపాటున వచ్చి పడిందనుకోండి, 'మీ బ్యాంకుకు ఫిర్యాదు చేసుకోండి బాబూ, వాళ్లే తిరిగి ఇప్పిస్తారు' అంటే సరిపోతుంది. అది కఠినత్వం కాదు, పద్ధతి.

నాలుగోది నమ్మకం. తెలిసినవాళ్ల నంబరు నుంచే వచ్చే గాలం ఇది. దీని సంగతి కాసేపట్లో చెప్తాను.

కథలు రాసే అలవాటు వల్ల నేను ఈ మోసగాళ్ల మాటల్లో ఒక సంగతి గమనించాను. ప్రతి కథలోనూ గడువు ఒకటి ఉంటుంది. 'ఈ రాత్రికి', 'పది నిమిషాల్లో', 'ఫోన్ పెట్టెయ్యకండి'... ఎందుకంటే ఫోన్ పెట్టేసి ఒక గ్లాసు మంచినీళ్లు తాగితే చాలు, మనకి బుర్ర పనిచేస్తుంది. కథలోని లొసుగు కనబడుతుంది. అది వాడికీ తెలుసు. కాబట్టి మందు కూడా అక్కడే ఉంది. ఎవరు ఎంత తొందరపెడితే మనం అంత నెమ్మదించాలి. 'మావారు వచ్చాక', 'మా అబ్బాయిని అడిగి' అని కారణాలు చెప్పనక్కర్లేదు. 'నేనే బ్యాంకుకు చేసి కనుక్కుంటాను' అని పెట్టెయ్యడమే. కార్డు వెనకాల, పాస్‌బుక్కు మీద అచ్చయిన నంబరుకే చేయాలి. ఇంటర్నెట్‌లో 'కస్టమర్ కేర్ నంబరు' అని వెతికి, మొదట కనబడ్డదానికి చెయ్యకూడదు. అక్కడా గాలాలు వేసి కూర్చున్నవాళ్లు ఉన్నారు.

పిన్ అంటే సంతకం

మా ఎదురింటి వదినగారు పాత గ్రైండరు అమ్ముదామని ఫోన్లో ప్రకటన పెట్టారు. అరగంటలో బేరం కుదిరింది. అవతలివాడు బేరమే ఆడలేదు, చెప్పిన ధరకు 'సరే' అన్నాడు! 'నేను మిలిటరీలో పనిచేస్తున్నాను, రాలేను, డబ్బు ముందే వేస్తాను' అని వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు ఆమె ఖాతాలో పడుతుందన్నాడు. వదినగారు గట్టి మనిషి. 'కూరగాయలబ్బాయి డబ్బు తీసుకున్నప్పుడు పిన్ కొట్టడం నేనెప్పుడూ చూళ్లేదే!' అన్నారు. అంతే, అవతల ఫోన్ కట్!

చూశారా, ఆవిడకి యూపీఐ అంటే ఏమిటో పాఠం ఎవరూ చెప్పలేదు. రోజూ కళ్లెదుట చూసే సంగతిని గుర్తు తెచ్చుకున్నారు, అంతే. 2016లో యూపీఐ మొదలైనప్పటి నుంచీ ఒకటే సూత్రం. డబ్బు పంపేవాళ్లు పిన్ కొట్టాలి, పుచ్చుకునేవాళ్లకి ఏ పిన్నూ అక్కర్లేదు. పిన్ అంటే మన చెక్కు మీద మన సంతకం. డబ్బు పుచ్చుకోవడానికి ఎవరైనా మన చెక్కు మీద సంతకం పెడతారా? 'డబ్బు పంపు' అని వ్యక్తులు ఒకరికొకరు యూపీఐలో రిక్వెస్టులు పెట్టే సదుపాయం వల్ల కూడా ఇలాంటి మోసాలు జరిగేవి. దాన్ని 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు. కానీ క్యూఆర్ కోడ్ ఎత్తుగడ అలాగే ఉంది.

ఇక ఓటీపీ. అది ఒక్కసారికి మాత్రమే పనిచేసే తాళంచెవి. అవతలివాడు మన కార్డు నంబరో, ఖాతా వివరాలో ఎక్కడో సంపాదించి కొనుగోలు మొదలుపెడతాడు. చివర్లో బ్యాంకు, 'ఇది నిజంగా మీరేనా?' అని మన ఫోన్‌కి ఒక అంకె పంపుతుంది. అంటే బ్యాంకు మనల్ని అడుగుతున్న ప్రశ్న అది. దాన్ని వాడికి చదివి వినిపించడమంటే 'అవును, నేనే' అని వాడి తరఫున మనం జవాబు చెప్పడం! మనలో చాలామంది ఓటీపీ మెసేజ్‌లో అంకె ఒక్కటే చూస్తారు. ఈసారి వచ్చినప్పుడు మొత్తం చదవండి. ఎంత సొమ్ముకో, ఎవరికి వెళ్తోందో చాలా మెసేజ్‌లలో రాసే ఉంటుంది. 'ఎవరికీ చెప్పవద్దు' అని కూడా ఉంటుంది. ఆ ఎవరికీలో బ్యాంకు మేనేజరు కూడా ఉన్నాడు.

శుభలేఖ రూపంలో దొంగ

ఇప్పుడు నమ్మకం ఎర సంగతి. మాఘమాసంలోనో, శ్రావణంలోనో పెళ్లిళ్ల హడావుడి ఉండగా వాట్సాప్‌లో శుభలేఖ వస్తుంది. ఎవరి పెళ్లో చూద్దామని ఆత్రంగా నొక్కుతాం. ఫొటో తెరుచుకోదు. 'ఇన్‌స్టాల్ చేయండి' అని అడుగుతుంది. అక్కడే ఆగిపోవాలి!

మామూలు శుభలేఖ ఫొటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. దొంగ శుభలేఖ పేరు చివర 'ఏపీకే' అనే మూడక్షరాలు ఉంటాయి. ఏపీకే అంటే ఫొటో కాదు, ఆండ్రాయిడ్ ఫోన్లో పెట్టే ఒక యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేయగానే 'మెసేజ్‌లు చదవనివ్వాలా? కాంటాక్టులు చూడనివ్వాలా?' అని వరసగా అడుగుతుంది. మనం అలవాటు ప్రకారం 'అలౌ, అలౌ' అని నొక్కుకుంటూ పోతాం. ఇక అంతే. మన ఫోన్‌కి వచ్చే ఓటీపీలు మనం చెప్పకుండానే వాడికి చేరిపోతాయి. అక్కడితో ఆగదు. మన వాట్సాప్ కూడా వాడి చేతికి చిక్కితే, మన పేరుతో అదే శుభలేఖ మన చుట్టాలందరికీ వెళ్తుంది. అందుకే 'మా పిన్ని పంపింది కదా' అని నమ్మడానికి లేదు. పంపింది పిన్ని కాదు, పిన్ని ఫోన్లో దూరిన దొంగ! 2024 నవంబరులో హిమాచల్‌ప్రదేశ్ పోలీసులు ఈ శుభలేఖల గురించి ప్రజల్ని హెచ్చరించారు. ట్రాఫిక్ చలాన్, బ్యాంకు రివార్డులు, ప్రభుత్వ పథకాలు... ఏ పేరుతోనైనా ఈ ఏపీకే రావచ్చు.

దీనికి విరుగుడు తేలికే. యాప్ ఏదైనా ఫోన్లోని ప్లే స్టోర్ నుంచే తీసుకోవాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట 'అన్‌నోన్ యాప్స్' అని కొడితే ఒక జాబితా వస్తుంది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ వగైరాల దగ్గర 'అలౌ' అని ఉంటే ఆపేసెయ్యండి. ప్లే స్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కితే 'ప్లే ప్రొటెక్ట్' కనబడుతుంది, అది ఆన్‌లో ఉండాలి. 'ఒక్క నిమిషం ఆపండి మేడమ్, లేకపోతే ఎక్కదు' అని ఫోన్లో ఎవరైనా చెప్తే, అసలు దొంగ వాడేనని గుర్తు. 'మీకు సాయం చేస్తాను, మీ స్క్రీను నాకు కనబడేలా ఈ యాప్ పెట్టుకోండి' అనడం కూడా ఇలాంటిదే. మన వంటింట్లో ఏం ఉడుకుతోందో వాడు అక్కడ కూర్చుని చూస్తున్నట్టే!

వాట్సాప్‌కే గాలం వేసేవాళ్లు ఇంకొందరు. 'అక్కా, నా కోడ్ పొరపాటున నీ నంబరుకి వచ్చింది, ఆరంకెలు పంపవా?' అని స్నేహితురాలి పేరుతో మెసేజ్ వస్తుంది. ఆ ఆరంకెలు ఆమెవి కావు, మన వాట్సాప్‌వే. పంపామంటే మన వాట్సాప్ వాడి ఫోన్లో తెరుచుకుంటుంది. ఆ తర్వాత 'అర్జెంటుగా పది వేలు కావాలి' అని మన వాళ్లందరికీ మన పేరుతోనే వెళ్తుంది. దీనికి రెండో తాళం ఒకటి ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'అకౌంట్'లోకి వెళ్లి 'టూ స్టెప్ వెరిఫికేషన్' ఆన్ చేసి, మనకి మాత్రమే తెలిసిన ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. అలాగే 'లింక్డ్ డివైసెస్' అనే చోట మనకి తెలియని కంప్యూటరు ఏదైనా ఉంటే వెంటనే తీసెయ్యాలి. ఎవరైనా డబ్బు అడుగుతూ మెసేజ్ పెడితే మామూలు ఫోన్ చేసి గొంతు విని, పాత సంగతి ఒకటి అడిగి చూడండి. ఇప్పుడు గొంతును కూడా అనుకరించే యంత్రాలు వచ్చాయి. 'మన ఊళ్లో నీకిష్టమైన జామచెట్టు ఎవరింట్లో ఉండేది?' అనే ప్రశ్నకి యంత్రం దగ్గర జవాబు ఉండదు!

ఇంటిపేరు చూడండి

మెసేజ్‌లో లింకు వచ్చిందనుకోండి. అసలుదో నకిలీదో తెలిసేదెలా? మనుషుల్లాగే లింకులకీ ఇంటిపేరు ఉంటుంది. తేడా ఏమిటంటే, మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందొస్తుంది, ఇంటర్నెట్‌లో చివరొస్తుంది. చిరునామా మొదట్లో ఉండే రెండు గీతల్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి ముందు ఏముందో చూడాలి. అదే అసలు ఇంటిపేరు. దానికి ముందు ఏ బ్యాంకు పేరు ఎంత అందంగా రాసినా లెక్కలోకి రాదు. వాడి ఇంటి గుమ్మానికి మన బ్యాంకు బోర్డు తగిలించుకోవడం లాంటిది అది.

రిజర్వు బ్యాంకు ఈ విషయంలో మనకొక మేలు చేసింది. 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చిరునామాకు మార్చుకోవాలని ఆదేశించింది. ఈ ఇంటిపేరు ఎవరికి పడితే వాళ్లకి దొరకదు. మన హైదరాబాదులోనే ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థ, అసలైన బ్యాంకులకు మాత్రమే ఇస్తుంది. కాబట్టి బ్యాంకు లింకు అంటూ వచ్చినదాని చివర ఆ మాటలు లేకపోతే అనుమానించాల్సిందే. ఉన్నా సరే, మెసేజ్‌లోని లింకు నొక్కడం కంటే మన ఫోన్లోని బ్యాంకు యాప్ తెరుచుకోవడమే క్షేమం. మరొక గుర్తు: పది అంకెల మామూలు సెల్ నంబరు నుంచి బ్యాంకు పేరుతో మెసేజ్ వచ్చిందంటే అది బ్యాంకుది కాదు.

తాళం ఎవరిది?

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. మీ ఫోన్‌లోని ఈమెయిల్ పాస్‌వర్డ్ మీకు తెలుసా? 'మావాడు పెట్టాడు', 'మా అల్లుడు చూసుకుంటాడు' అనేవాళ్లే ఎక్కువ. నాకు తెలిసిన ఒక టీచరుగారు పిన్ నంబరును కాగితం మీద రాసి ఫోన్ కవరులోనే పెట్టుకున్నారు. మరొకావిడ ఇంట్లో అందరి ఫోన్లకీ, బ్యాంకుకీ, సినిమా టికెట్ల యాప్‌కీ ఒకటే పాస్‌వర్డ్... పెద్దబ్బాయి పేరు, పుట్టిన సంవత్సరం! ఇల్లు, బీరువా, స్కూటరు, పెరటి తలుపు అన్నిటికీ ఒకటే తాళంచెవి ఉంటే ఎలా? ఎక్కడో చిన్న షాపింగు యాప్ దగ్గర అది పోతే, మన బ్యాంకు దాకా తలుపులన్నీ తెరుచుకున్నట్టే.

అన్నిటికంటే ముఖ్యం ఈమెయిల్. ఎక్కడ 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కినా కొత్తది పెట్టుకునే లింకు సాధారణంగా వచ్చేది అక్కడికే. అంటే అది తాళాలగుత్తి వేలాడదీసిన మేకు. దానికి పొడవైన, మరెక్కడా వాడని పాస్‌వర్డ్ ఉండాలి. గుర్తుండదని భయపడకండి. సంబంధం లేని మూడు నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే చాలు. 'గుమ్మడికాయ రైలు అత్తయ్య చెంచా' అన్నట్టుగా! ఇది అచ్చులో వచ్చేసింది కాబట్టి దీన్ని వాడకండి, మీదే మీరు అల్లుకోండి. పొడవు పెరిగేకొద్దీ ఊహించడం కష్టమవుతుంది. ఈమెయిల్‌కీ 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టుకోవచ్చు.

పాస్‌వర్డ్‌లను ఫోనే దాచిపెట్టే సదుపాయం కూడా ఉంది. చాలామంది భయపడతారు గానీ అందులో ఒక సుగుణం ఉంది. మనం కళ్లతో చూసి మోసపోవచ్చు, అది మోసపోదు. అసలు చిరునామా అయితేనే దాచిన పాస్‌వర్డ్‌ను నింపుతుంది. రోజూ నింపేది ఇవాళ నింపడం లేదంటే 'ఇది వేరే ఇల్లు' అని అది చెప్తున్నట్టు. ఇప్పుడు వస్తున్న 'పాస్‌కీ' పద్ధతిలో అయితే మన వేలిముద్రో, ఫోన్ తాళమో చాలు. చెప్పెయ్యడానికి పాస్‌వర్డే ఉండదు, ఇక గాలానికి తగిలేదేముంది? ఎవరైనా ఇలాంటివి పెట్టిస్తామంటే పక్కన కూర్చుని, మీ చేత్తో మీరే చేయండి. కుక్కరు, మిక్సీ వాడటం మనకి పుట్టుకతో వచ్చిందా?

జరిగిపోతే... తొలి గంటే ముఖ్యం

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి జరిగిపోవచ్చు. అప్పుడు ఏడుస్తూ కూర్చోవడానికి టైము లేదు. కాజేసిన సొమ్మును వాళ్లు ఒక ఖాతాలో ఉంచరు. నిమిషాల్లో అక్కడి నుంచి మరో ఖాతాకి, ఇంకో ఖాతాకి మార్చేస్తారు. చివరికి ఎక్కడో ఏటీఎంలో తీసేస్తారు. ఆలోపు మధ్యలో ఎక్కడైనా ఆపగలిగితే మన డబ్బు అక్కడ నిలుస్తుంది.

అందుకే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. 2021లో మొదలైన కేంద్ర హోంశాఖ హెల్ప్‌లైన్ ఇది. మొదట్లో 155260 ఉండేది, తర్వాత 1930 అయింది. వాళ్లు వివరాలు రాసుకుని, డబ్బు వెళ్లిన బ్యాంకులకు కబురు పంపి ఆపించే ప్రయత్నం చేస్తారు. మన ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని చేస్తే పని త్వరగా అవుతుంది. యూపీఐలో అయితే ఆ లావాదేవీ నంబరు 12 అంకెలు. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' అనే వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు రాయవచ్చు. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు 1930కి, ఒకరు బ్యాంకుకి చేయండి.

ఏపీకే ఎక్కించారనిపిస్తే ముందు ఆ ఫోన్లో ఇంటర్నెట్ ఆపండి. మిగతా ఫోన్లన్నీ వేరే ఫోన్ నుంచి చేయండి. పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా వేరే ఫోన్ నుంచే. కంగారులో మెసేజ్‌లు, కాల్ వివరాలు చెరిపెయ్యకండి. అవే సాక్ష్యం.

బ్యాంకుకు వెంటనే చెప్పడానికి మరో కారణం ఉంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాల్లో, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా చెప్పినవాళ్లకు నష్టం ఉండకూడదని రాశారు. మనమే పిన్నో, ఓటీపీయో చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మన నష్టమే. చెప్పిన తర్వాత కూడా పోతే ఆ బాధ్యత బ్యాంకుది. అంటే ఎలా చూసినా చెప్పిన క్షణం నుంచే మనకి రక్షణ మొదలవుతుంది. అలా ఆపగలిగిన సొమ్మును 2024లో తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామంది బాధితులకు తిరిగి ఇప్పించారు కూడా. 'పోయింది ఎలాగూ రాదు' అని వదిలెయ్యకూడదు.

దాచిపెడితేనే నష్టం

అసలు నేను ఈ వ్యాసం రాయడానికి కారణం మా కాలనీలోని ఒకావిడ. చీటీ పాడి తెచ్చుకున్న 48 వేలు, అమ్మాయి కాలేజీ ఫీజుకని బ్యాంకులో వేసుకుంది. కేవైసీ పేరుతో వచ్చిన ఫోనుకి ఓటీపీ చెప్పింది. రెండు విడతల్లో మొత్తం పోయింది. మధ్యాహ్నం మూడింటికి జరిగిందది. ఆవిడకి ఐదు నిమిషాల్లోనే అర్థమైంది కూడా. కానీ ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు! మామూలుగానే వంట చేసింది, క్యారియర్లు కట్టింది, రాత్రుళ్లు దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. ఫీజు కట్టే రోజు వస్తే తప్ప బయటపడలేదు. 'అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?' అని పోలీసులు అడిగితే, 'మావారు తిడతారని' అందట. అప్పటికి ఆపడానికి ఏ ఖాతాలోనూ ఒక్క రూపాయి మిగల్లేదు.

మొదటి దెబ్బ దొంగ కొట్టాడు. రెండో దెబ్బ మాత్రం ఇంట్లోని భయం కొట్టింది. 'నీకు ఫోన్ ఎందుకు?', 'చదువుకున్నావు, ఆమాత్రం తెలీదా?' అనే మాటలు పడాల్సి వస్తుందని ఆడవాళ్లు నోరు కుట్టేసుకుంటున్నారు. మోసగాడికి కావలసింది సరిగ్గా అదే! నిజానికి ఈ గాలానికి ఇంజినీర్లు, డాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు... మగవాళ్లు కూడా తగులుకుంటూనే ఉన్నారు. అది తెలివితక్కువతనం కాదు. రోజంతా ఇదే పనిగా సాధన చేసినవాడు, పని హడావుడిలో ఉన్న మనిషి మీద పడటం.

అందుకని ఇంట్లోవాళ్లతో ఇవాళే ఒక ఒప్పందానికి రండి. ఫోన్లో ఏదైనా తేడా జరిగితే ముందు 1930, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే మిగతా మాటలు. తిట్లు మాత్రం అసలే ఉండకూడదు. ఈ మాట మీవారితోనే కాదు, మీ పిల్లలతోనూ, ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలతోనూ అనండి. 'అమ్మా, ఎప్పుడైనా పొరపాటు జరిగితే నాకు వెంటనే చెయ్యి, నేనేమీ అనను' అని ఫోన్ చేసి చెప్పండి. ఆ ఒక్క మాట ఏ పాస్‌వర్డుకీ తీసిపోదు.

ఈ ఆదివారం ఇవి చేసుకోండి

* 1930 నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో 'సైబర్ సాయం' అని దాచుకోండి. గోడ క్యాలెండరు మీద కూడా పెద్దగా రాయండి. ఫోనే పాడైతే అదే దిక్కు.

* బ్యాంకు కార్డు వెనకున్న నంబరును విడిగా రాసి పెట్టుకోండి.

* వాట్సాప్‌కీ, ఈమెయిల్‌కీ 'టూ స్టెప్ వెరిఫికేషన్' పెట్టుకోండి.

* 'అన్‌నోన్ యాప్స్' అన్నీ ఆపి, ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మీకు గుర్తులేని యాప్‌లు ఉంటే తీసెయ్యండి.

* పుట్టిన సంవత్సరం, పెళ్లిరోజు, బండి నంబరు పిన్‌గా ఉంటే మార్చండి. ఫోన్ తాళం పిన్, యూపీఐ పిన్ వేరువేరుగా ఉండాలి.

* రోజువారీ ఖర్చుకు ఒక చిన్న ఖాతా పెట్టుకుని, యూపీఐ దానికే కలపండి. పొదుపు సొమ్మున్న ఖాతాను కలపకండి. పర్సులో చిల్లర, బీరువాలో నోట్లు అన్నట్టు.

* నక్షత్రం గుర్తుతో మొదలయ్యే నంబరు ఏదైనా డయల్ చేయమంటే చేయకండి. మన కాల్స్ వాడికి మళ్లిపోవచ్చు.

* మోసపు కాల్, మెసేజ్ వస్తే డబ్బు పోకపోయినా కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ'లోని 'చక్షు' విభాగంలో తెలపండి. మీ తర్వాత ఆ ఫోన్ అందుకోబోయే మరో ఇల్లాలికి మేలు చేసినవారవుతారు.